డ్రోను కొని నెలయింది, కొబ్బరితోటలు అయిపోయాయి. ఇక దీనితో సరదాగా ఏం చేయవచ్చు?

కాలువగట్టు (అంబాజీపేట):

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉపాధ్యాయుణ్ణి. నెల క్రితం 249 గ్రాముల చిన్న డ్రోను ఒకటి కొన్నాను. మొదటి వారం సరిగా నిద్ర కూడా పట్టలేదు. మంచు ఇంకా చేల మీద ఉండగానే లేచి కాలువగట్టుకు వెళ్ళి ఎగరేసేవాణ్ణి. రెండో వారానికల్లా మా ఊరి కొబ్బరితోటలు, కాలువ, లాకులు, గుడి గోపురం, పొద్దుగుంకే దృశ్యం అన్నీ పూర్తయ్యాయి. మూడో వారం తీసిన వీడియోను మొదటి వారం వీడియో పక్కన పెట్టి చూస్తే, తీసిన నాకే ఏది ఏదో తెలియలేదు. ఇప్పుడది బీరువాలో ఉంది. బీరువాలో పెట్టడానికా ఇంత డబ్బు పోశారని ఇంట్లో అడుగుతున్నారు.

పెళ్ళిళ్ళకు తీసి సంపాదించాలన్న ఉద్దేశం నాకు లేదు. ఆదివారం పూట ఒక గంట, వీలైతే ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయితో కలిసి, మళ్ళీ మళ్ళీ చేయాలనిపించే పని ఏదైనా ఉంటే చాలు. మీరంతా మీ డ్రోన్లతో ఏం చేస్తున్నారో దయచేసి వివరంగా చెప్పగలరు.

పాతపంటు (సఖినేటిపల్లి):

మాస్టారూ, ఈ విసుగు మీ ఒక్కరిదే కాదు, ఇది కోనసీమలో డ్రోను కొన్న ప్రతివాడికీ వచ్చేదే. ఇక్కడ ఎటు ఎగరేసినా బొమ్మ అందంగానే వస్తుంది కాబట్టి మనం బుర్రపెట్టవలసిన అవసరం ఉండదు, బుర్రపెట్టని పని నెల దాటి ఎవరికీ రుచించదు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నాకు పట్టుకున్న సరదా ఒక్కటే, అది చాలా చిన్నది. మా చేలకు నీరందించే ఒక తూము గట్టు మీద గచ్చు చేసిన చోటు ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన, పదహారో తేదీన ఉదయం ఏడు గంటలకు అక్కడి నుంచి డ్రోనును నిటారుగా 60 మీటర్లు పైకి పంపి, కెమెరాను పూర్తిగా కిందికి తిప్పి, ఒకే ఒక్క ఫొటో తీసి దించేస్తాను. ఆ ఎత్తులో నా కెమెరాకు సుమారు 85 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే కాలువ, గట్టు, ఇటు రెండు మడులు, అటు కొబ్బరితోట అంచు. మొత్తం పని అయిదు నిమిషాలు.

అయిదు నిమిషాల పనిలో ఏముందని మొదట మా తమ్ముడు నవ్వాడు. ఏడాది తిరిగాక 24 ఫొటోలు వరసగా పెట్టి చూపిస్తే గంటసేపు కూర్చున్నాడు. సార్వాకు నీళ్ళు వదిలిన కొత్తలో మడులన్నీ అద్దాల్లా ఆకాశం రంగులో ఉంటే, ఒక మూలన నారుమడి మాత్రం తడి జేబురుమాలు ఆరేసినట్టు లేతపచ్చగా కనిపిస్తుంది. ఊడ్పులు కాగానే సన్నని చుక్కలు, పదిహేను రోజులకు చుక్కలు కలిసి గీతలు, ఆ తరువాత గీతలు కూడా పోయి ఒకటే పచ్చదనం. కోతల తరువాత కుప్పల నీడలు, మళ్ళీ దాళ్వా. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీసిన ఫొటో నాకు అన్నింటికంటే ఇష్టం. నీరు తీసేసిన కాలువ అడుగున, నెర్రెలిచ్చిన బురదలో, ఎప్పుడో మునిగిన నావ ఒకదాని పక్కటెముకలు తేలాయి. ముప్పై ఏళ్ళు ఆ గట్టు మీద సైకిలు తొక్కాను కానీ అది అక్కడ ఉందని నాకు తెలియదు.

ఒక చిట్కా: ఎత్తును అంకెతో సరిచూసుకున్నా దిక్కు తప్పుతుంది, కాబట్టి మొదటి నెల ఫొటోను ఫోనులో తెరిచి పక్కన పెట్టుకుని, తూము గోడ చట్రంలో అదే మూలకు వచ్చేదాకా సర్దుకోండి.

చిన్నరెక్క (కాకినాడ):

పాతపంటు గారి ఓపికకు నమస్కారం. నాకు అంత ఓపిక లేదు, ఇంజినీరింగు చదువుతున్నాను. నా సలహా ఏమిటంటే, ఫొటోల సంగతి పక్కన పెట్టి ఎగరడంలోనే ఉన్న ఆనందాన్ని చూడండి. మీ డ్రోను తనంతట తాను గాలిలో నిలబడుతుంది, మీరు వేలు తీసేస్తే ఆగిపోతుంది. అరచేతిలో పట్టే చిన్న ఎఫ్.పి.వి. (డ్రోను కెమెరా కంటితో చూస్తూ నడిపే) డ్రోన్లు వేరు. మోటారుకూ మోటారుకూ మధ్య 65 మిల్లీమీటర్లు, రెక్కల చుట్టూ ప్లాస్టిక్ చట్రం, బ్యాటరీ కాకుండా బరువు పాతిక గ్రాముల లోపు. కెమెరా బొమ్మ కనిపించే కళ్ళజోడు పెట్టుకుంటే మీరే దాని ముక్కు మీద కూర్చున్నట్టు ఉంటుంది. బ్యాటరీ మూడు నాలుగు నిమిషాలకు మించి రాదు, ఆ నాలుగు నిమిషాల తరువాత మాత్రం అరచేతులు చెమటలు పడతాయి.

మేము ముగ్గురం మిత్రులం ఒక ఖాళీ ధాన్యం గోదాములో ఆడుతుంటాం. గోదాము యజమాని మా మిత్రుడికి బాబాయి. ప్లాస్టిక్ కుర్చీల కాళ్ళ సందుల్లోంచి దూరి, వేలాడదీసిన సైకిలు టైరులోంచి బయటపడి, మూలనున్న కాటా చుట్టూ తిరిగి రావాలి. గోదాములో గాలి లేదు, కరెంటు తీగలు లేవు, పక్కింటివాళ్ళ ఫిర్యాదులు లేవు. గుద్దుకుంటే కింద పడుతుంది, తీసి మళ్ళీ ఎగరేస్తాం. ఫ్యానులు మాత్రం తప్పకుండా కట్టేయాలి, అది ఎందుకో మీకు చెప్పనక్కరలేదు, నేను రెండు రెక్కలు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

కొనే ముందు రిమోటు ఒక్కటి కొని, దాన్ని కంప్యూటరుకు తగిలించి సిమ్యులేటరులో పది పదిహేను గంటలు సాధన చేయండి. ఎఫ్.పి.వి.లో అక్రో పద్ధతి ఉంటుంది, అందులో డ్రోను తనంతట తాను సమంగా నిలబడదు, వంచితే వంగినట్టే ఉంటుంది. సాధన లేకుండా బయట ఎగరేస్తే మొదటి పది సెకన్లలోనే నేల చూస్తారు. ఆరుబయట కళ్ళజోడు పెట్టుకుంటే, పక్కన డ్రోనును కళ్ళతో చూస్తూ ఉండే మనిషి ఒకరు ఉండి తీరాలి.

నర్సరీదారి (కడియం):

మాస్టారు గారూ, అబ్బాయితో కలిసి అన్నారు కనుక మా ఇంట్లో ఆడే ఆట చెబుతాను. దీనికి కొత్తగా ఏమీ కొననక్కరలేదు, ఒక చేట ఉంటే చాలు.

పెరట్లో చేట పెట్టి, ఇరవై అడుగుల దూరంలో నిలబడి, 60 సెకన్లలో డ్రోనును చేట మీద దించాలి. ఇంతేనా అంటారు. అసలు నియమం ఏమిటంటే, డ్రోను ముక్కు ఎగరేసేవారి వైపే ఉండాలి. అప్పుడు మీరు కుడికి నొక్కితే అది మీ ఎడమకు పోతుంది. పెద్దవాళ్ళకు ఇది ఎంత కష్టమో, పిల్లలకు అంత తేలిక. మా చిన్నది మూడో రోజుకే దించేసింది, మా వారు ఇప్పటికీ మందార మొక్కలోకే దించుతున్నారు. మొదటిసారి ఆడినప్పుడు రెక్కల గాలికి చేటే లేచి బోర్లాపడింది. అందుకని చేటలో తడిపిన గోనెసంచి మడిచి వేసి, నాలుగు వైపులా ఇటుక ముక్కలు పెట్టాం. తడి గోనె వల్ల ఇంకో మేలు ఏమిటంటే దుమ్ము లేవదు, మోటార్లలోకి ఇసుక పోదు.

రెండో ఆట పొడుపుకథ. సెలవు రోజున పై నుంచి నిట్టనిలువుగా ఏదో ఒక వస్తువు ఫొటో తీసి, అది ఏమిటో చెప్పమని చుట్టాల గుంపులో పెడతాం. డాబా మీద ఆరబెట్టిన వడియాలు, రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం మధ్య కాళ్ళతో తీసిన చాళ్ళు, నర్సరీలో నల్లని కవర్లలో వరసగా పేర్చిన క్రోటను మొక్కలు. ఉదయం పూట కొబ్బరిచెట్టును పై నుంచి తీస్తే చెట్టు చుక్కలా, నీడ చెట్టులా ఉంటుంది. హైదరాబాదులో ఉన్న మా మరిది దాన్ని సాలెపురుగు అన్నాడు. ఇక మా పిల్లలు అందరినీ ఓడించే ఫొటో కోసం వారమంతా వెతుకుతూనే ఉంటారు.

కాలువగట్టు (అంబాజీపేట):

అందరికీ కృతజ్ఞతలు. చేట ఆట వినగానే మావాడు అటక మీద నుంచి చేట దించాడు, దులపవలసిన దుమ్ము దానిలో చాలా ఉంది.

నేను బీరువాలో పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది, మొదట సిగ్గుపడి చెప్పలేదు. మూడో వారం బ్యాటరీ తగ్గిపోయి డ్రోను తనంతట తాను ఇంటిదారి పట్టింది. తిరుగు ఎత్తును, అంటే అలా ఇంటికి వచ్చేటప్పుడు ఎగిరే ఎత్తును, 20 మీటర్లకు పెట్టి ఉంచాను. దారిలో ఉన్న పొడుగు కొబ్బరిచెట్టు తలలోకి సూటిగా వెళ్ళి ఇరుక్కుంది. కొబ్బరికాయల దింపు తీసే ఆయనను బతిమాలి పిలుచుకువచ్చాను. ఆయన ఎక్కి, మొవ్వులో దాన్ని అటూ ఇటూ కదిపి చూసి, పై నుంచే, "మాస్టారూ, ఇది ఇంకా ముదరలేదండి, వచ్చే దింపుకు తీద్దామా?" అన్నారు. కింద చేరిన నా విద్యార్థులు అయిదుగురు ఇప్పటికీ నన్ను చూస్తే ఆ మాటే అనుకుంటారు. డ్రోనుకు ఒక రెక్క తప్ప ఏమీ కాలేదు.

పాతపంటు (సఖినేటిపల్లి):

మన డెల్టాలో తిరుగు ఎత్తు 50 మీటర్లకు తక్కువ ఉంచకూడదు. పాత దేశవాళీ చెట్లు చాలా పొడుగు, వాటికి తోడు హైటెన్షన్ తీగలు. ముందున్న అడ్డంకులను చూసే సెన్సర్లున్న డ్రోను అయినా సన్నని కొబ్బరాకులను, తీగలను పసిగట్టలేకపోవచ్చు.

నా తప్పు కూడా చెబుతాను, లెక్క సరిపోతుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద నిలబడి వశిష్ఠ గోదావరి మధ్యలో ఎగరేశాను. గాలి పెరిగి సిగ్నలు పోయింది. డ్రోను బుద్ధిగా తాను లేచిన చోటికి తిరిగి వచ్చింది. అయితే తాను లేచిన చోటు అంటే పది నిమిషాల క్రితం పంటు ఉన్న చోటు, అక్కడ ఇప్పుడు గోదావరి ఉంది. అది నీటి మీద దిగడం పంటులో ఉన్నవారంతా చూశారు, టికెట్టు కొట్టే కుర్రాడు టోపీ తీశాడు. కదిలే పడవ మీద నుంచి ఎగరేసేవారు తిరుగు స్థానాన్ని మధ్యమధ్యలో మార్చుకోవాలి, లేదా అసలు ఎగరేయకూడదు. నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తులో నడిపితే కింది సెన్సర్లు అలలను నేల అనుకుని తికమకపడతాయి, అది ఇంకో ప్రమాదం.

గౌతమితీరం (యానాం):

చర్చ బాగుంది. నేను చేసే పని కొంచెం సాంకేతికమైనది కానీ, ఒకసారి అలవాటైతే వదలబుద్ధి కాదు. ఏదైనా ఒక వస్తువును అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, వాటితో కంప్యూటరులో మూడు కొలతల నమూనా తయారు చేయడం. ఫొటో పక్క ఫొటో కనీసం 70 నుంచి 80 శాతం కలిసిపోయేలా తీయాలి. వెబ్‌ఓడిఎం అనే ఉచిత సాఫ్ట్‌వేరుకు వాటిని ఇచ్చి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి నమూనా సిద్ధంగా ఉంటుంది. మామూలు కంప్యూటరుకు రెండు వందల ఫొటోలు దాటితే ఆయాసం వస్తుంది.

మొదట మా తాతగారి పెంకుటిల్లుతో మొదలుపెట్టాను. నాలుగు వైపుల వసారాలు, మధ్యలో మండువా. ఆ ఇల్లు వచ్చే ఏడాది పడగొడుతున్నారు. ఇప్పుడు దాన్ని తెర మీద తిప్పి, మండువాలోంచి కిందికి చూడవచ్చు, ఏ పెంకు జారిందో లెక్కపెట్టవచ్చు. మా నాయనమ్మ ఆ నమూనాలో తులసికోట కోసం వెతికి, కనిపించాక చాలాసేపు మాట్లాడలేదు.

రెండోది గోదావరి కోత. మా ఎదురుగా ఉన్న లంక ఒడ్డును వరదలకు ముందు ఒకసారి, వరద పూర్తిగా తీశాక ఒకసారి తీసి రెండు నమూనాలను పోల్చుతాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారని మనందరికీ తెలుసు. ఆ అంకె ఒడ్డున ఉన్న ఎన్ని కొబ్బరిచెట్లకు సమానమో నాకు ఇప్పుడు కంటితో తెలుస్తోంది. వరద ఉన్నప్పుడు మాత్రం ఎగరేయకండి. సహాయక హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో తిరుగుతుంటాయి, మన సరదా వాళ్ళ పనికి అడ్డం రాకూడదు.

దాళ్వారైతు (మండపేట):

నాది ఒక్క మాట. డ్రోనును కొబ్బరితోట మీద 35 మీటర్లలో నెమ్మదిగా నడిపి చెట్ల తలలు చూడండి. విచ్చుకున్న ఆకు కత్తెరతో మూలగా కత్తిరించినట్టు ఉంటే కొమ్ము పురుగు మొవ్వులో తొలిచిందన్నమాట. కింది వరస ఆకుల మీద మసి పూసినట్టు ఉంటే తెల్లదోమ వచ్చినట్టు. కింద నిలబడి మెడ నొప్పెట్టేలా చూసినా ఇవి ఇంత స్పష్టంగా కనపడవు. మా వీధిలో నలుగురు రైతుల తోటలు ఆదివారం ఉదయం చూసి పెడతాను, డబ్బు తీసుకోను, కాఫీ తాగుతాను. ఇది సరదా ఎలా అవుతుందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, కానీ నాకు సరదాగానే ఉంది.

చిన్నరెక్క (కాకినాడ):

సంక్రాంతికి ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కంటే డ్రోనుకు మంచి దృశ్యం ఇంకేముంటుంది? గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్ళ ప్రభలను (వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తయిన దేవుడి కట్టడాలు) భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలో దిగి దాటించడం పై నుంచి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఈసారి నేను తీయాలనుకుంటున్నాను.

నర్సరీదారి (కడియం):

తమ్ముడూ, నీ ఉత్సాహం అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. ఆ కాలువలో మెడలోతు నీటిలో అంత బరువు మోస్తున్నవారి తల మీద రెక్కలు తిరిగే యంత్రం ఎందుకు? ఒక్క రెక్క విరిగినా వాళ్ళు చేతులు అడ్డం పెట్టుకోలేరు, చేతుల్లో ప్రభ ఉంది. పైగా సంక్రాంతికి గాలిపటాల దారాలు, నీలాగే అనుకున్నవాళ్ళ డ్రోన్లు ఇంకో పది. ఆ రోజు గట్టు మీద నిలబడి కళ్ళతో చూడు.

చిన్నరెక్క (కాకినాడ):

నిజమే అక్కా, జనం మీదకు వెళ్ళనని అనుకున్నాను కానీ అక్కడ జనం లేని చోటే ఉండదు. నెల ముందు ఊళ్ళో ప్రభ కడుతున్నప్పుడు, వెదురు బద్దలు వంచి రంగు గుడ్డలు చుట్టే పనిని పెద్దలను అడిగి తీస్తాను. అది ఎవరూ తీయరు కూడా.

నిర్వాహకుడు:

కొన్ని నియమాలు గుర్తుచేయవలసి ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అది దాటి 2 కిలోల వరకు మైక్రో. నానోకు గానీ, వాణిజ్యం కాని పనికి వాడే మైక్రోకు గానీ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అయితే 249 గ్రాముల డ్రోనుకు రెక్కల చుట్టూ రక్షణ చట్రం తగిలించగానే బరువు 250 దాటి అది మైక్రో అవుతుందని చాలామంది గమనించరు. బీమా మినహాయింపు నానోకే ఉంది. గ్రీన్ జోనులో 400 అడుగుల వరకు, విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు మాత్రమే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. రాజమహేంద్రవరం వైపు సభ్యులు మధురపూడి విమానాశ్రయాన్ని గుర్తుంచుకోవాలి. తీరం వెంబడి ఓడరేవు, గ్యాసు కేంద్రాలు ఉన్నాయి కనుక ఎగరేసే ముందు ప్రతిసారీ ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడండి. కోరింగ అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయడం గురించి ఈ చర్చలో ఎవరూ సలహాలు ఇవ్వవద్దు.

చట్టంలో ఉన్నా లేకపోయినా ఇంకో మాట. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు కాలువ రేవుల్లో ఆడవాళ్ళు స్నానాలు చేస్తారు, బట్టలు ఉతుకుతారు. ఆ వేళ రేవు మీదుగా డ్రోను వెళితే మీరు ఏం తీస్తున్నారో ఎవరూ అడగరు, నేరుగా రాయి విసురుతారు, అది న్యాయం కూడా.

పాతపంటు (సఖినేటిపల్లి):

నిర్వాహకుల వారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా తూము పక్కన రేవు లేదు కనుకనే నేను ఆ చోటు ఎంచుకున్నాను.

మాస్టారు ఒకసారి అంతర్వేది రాదలిస్తే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర మధ్యాహ్నం కాకుండా, సముద్రపు గాలి లేవకముందే ఉదయం ఎగరేయండి. వశిష్ఠ నీటి రంగు, సముద్రపు నీటి రంగు కలిసే గీత ఒడ్డు నుంచి లీలగా కనిపిస్తుంది, పై నుంచి మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఇసుక మీద నుంచి నేరుగా లేపవద్దు, పెట్టె మూత మీద నుంచి లేపండి. ఇంటికి రాగానే మెత్తని పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలి మోటార్లను తినేస్తుంది. గరుడ పక్షి వెంటపడితే కంగారుపడి కిందికి దించకండి, పైకి లేపండి. అది తిన్నగా పైకి ఎక్కడానికి కష్టపడుతుంది.

కాలువగట్టు (అంబాజీపేట):

ఆరు వారాల తరువాత తిరిగి వచ్చాను.

తిరుగు ఎత్తు 55 మీటర్లకు మార్చాను. చేట ఆటలో మావాడు 41 సెకన్లకు దిగాడు, నేను ఇంకా నిమిషం దాటుతున్నాను. వాళ్ళ అమ్మ ఒకసారి చూద్దామని రిమోటు తీసుకుని 38 సెకన్లకు దించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి బీరువా ప్రస్తావన మా ఇంట్లో రాలేదు.

పాతపంటు గారి పద్ధతిలో మా బడి వెనుక మడులను ఎంచుకున్నాను. ఇప్పటికి మూడు ఫొటోలే ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు చూపిస్తే, రెండో ఫొటోకూ మూడో ఫొటోకూ మధ్య ఒక గట్టు జరిగిందని వెనక బెంచీలోని పిల్లవాడు కనిపెట్టాడు. ఇద్దరు రైతుల మధ్య నలుగుతున్న తగాదా అట అది. ఆ ఫొటోను నేను ఎవరికీ పంపలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ వేర్వేరుగా మా ఇంటికి వచ్చి, మాస్టారూ ఒకసారి ఎగరేసి చూపించండి అంటున్నారు. ఏం చేయమంటారు?

దాళ్వారైతు (మండపేట):

బ్యాటరీ ఉబ్బిందని చెప్పండి.